కెంపమ్మ షెడ్డులో ఏడుపు

చింతామణి దాటి బాగేపల్లి దారి పట్టినాక, మూతబడిన పట్టు ఫ్యాక్టరీ షెడ్డొకటి ఉండాది. పొద్దుగూకితే ఆ పక్కకు ఎవరూ పోరు. పట్టుగూళ్ళు ఉడికించే తొట్టి దగ్గర ప్రాణం విడిచిన కెంపమ్మ, రాత్రయితే లోపల కూర్చుని ఏడుస్తుందని చెప్పుకుంటారు.

ఈమధ్య అది మరీ ఎక్కువైందంట. ముందు ఒక్క గొంతే... తరవాత మూడో నాలుగో... ఇప్పుడు గుంపుకు గుంపే!

"కెంపమ్మ చుట్టాలనంతా పిలుచుకుంటాంది," అన్నారు జనం.

ఆంజనేయప్పకు ఇదంతా తెలుసు. తెలిసినా ఆ రాత్రి ఆ దారినే రాక తప్పలేదు. ఆయన పెళ్ళి బ్యాండులో క్లారినెట్టు వాయించే మనిషి. పెళ్ళిళ్ళకంతా డీజేలు వచ్చి బ్యాండు చెదిరిపోయింది. మిట్టేమరిలో ఆ పొద్దు వాయించిందే ఆఖరి పెళ్ళి. రేపట్నుంచి క్లారినెట్టు అటక మీదికే అనుకుంటా, దిగులుగా మోపెడ్ మీద చింతామణికి వస్తాండాడు.

సరిగ్గా షెడ్డు ముందర — చైను ఊడిపోయింది.

దిగి వంగినాడో లేదో... లోపల్నుంచి మూలుగు!

బావి అడుగునుంచి వచ్చినట్టుండాది. దాని వెనకాలే ఇంకో గొంతు, సన్నగా. ఆ వెనకాల ఇంకో పది...

పేరు ఆంజనేయప్పే గాని, దండకం ఒక్క ముక్క నోటికి రాలేదు. చేతికి మాత్రం క్లారినెట్టు వచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఏ పెళ్ళిలోనైనా మొట్టమొదట వాయించే హంసధ్వని ఎత్తుకున్నాడు.

ఏడుపు ఠక్కున ఆగింది.

గాలి కూడా కదల్లేదు...

అంతలో లోపల్నుంచి — ఆయన వాయించిన వరసే, అచ్చం అదే హంసధ్వని, ఆ బావి గొంతుతో తిరిగొచ్చింది!

"నా తల్లీ, కెంపమ్మా... వదిలెయ్యమ్మా," అని గొణిగినాడు.

కిర్రుమని తలుపు తెరుచుకుంది. వెలుతురు. వాకిట్లో ఒకామె. ఆమె వెనకాల ఫిడేళ్ళు, ఫ్లూట్లు పట్టుకుని ముప్పై మందిదాకా మనుషులు. ఒకాయన చేతిలో మనిషెత్తు ఫిడేలు!

"భయపడద్దప్పా. నేను రంజిత, చిక్కబళ్ళాపురంలో మ్యూజిక్ టీచర్ని. మేము ఆర్కెస్ట్రావాళ్ళం."

"ఆర్కెస్ట్రానా? గణేశ పండగకు సినిమా పాటలు పాడతారే, అదా?"

"కాదప్పా, సింఫనీ. పాడేది ఉండదు, అందరూ కలిసి వాయించేదే. నలుగురితో మొదలుపెట్టినాము. యాడ వాయించినా సద్దు సద్దని తరిమినారు. ఈడైతే అడిగేవాళ్ళే లేరు." ఆమె చూపు క్లారినెట్టు మీదే ఉండాది. గొంతు తగ్గించింది. "వచ్చే నెల మా మొదటి కచేరీ. క్లారినెట్టు ఒక్కటే దొరకలేదు... వస్తారాప్పా?"

ఆంజనేయప్పకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చైను సంగతి మరిచిపోయి లోపలికి నడిచి, వాళ్ళు చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. రంజిత చెయ్యెత్తింది. అన్ని గొంతుల నడుమ ఆయన క్లారినెట్టు లేచేసరికి రేకుల కప్పు అదిరింది.

అప్పుడే రోడ్డు మీద ఏదో బండి సర్రున ఆగిన సద్దు... వెంటనే, "అయ్యో దేవుడా!" అని కేక.

వాయిద్యాలన్నీ ఆగిపోయినాయి. అందరికంటే ముందు వాకిటికి ఉరికింది ఆంజనేయప్పే.

"ఓ అప్పా! పరిగెత్తద్దు, నిలబడు! నీకేమన్నా వాయించేది వస్తుందా?"