శారమ్మ అడిగిన ముక్క

"మా అమ్మ కడుపులో గడ్డ మీకెందుకండీ?"

జగ్గారావు గేటు తియ్యకుండానే అడిగాడు. అవతల శారమ్మ వానలో తడుస్తూ నిలబడింది. ముందు రోజే ఫోన్‌లో సంగతి చెప్పి, బోధన్‌లో బస్సు దిగి చెరకు తోటల వెంట నడిచి వచ్చింది. చెప్పుల నిండా నల్లమట్టి.

"ముందు లోపటికి రానియ్యుండ్రి. తడిసిన మనిషితోని కొట్లాట మంచిగుండది."

అతను నవ్వు ఆపుకుంటూ గేటు తీశాడు.

శారమ్మది నిజామాబాద్. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో క్లోమగ్రంథి కేన్సర్ మీద పీహెచ్‌డీ చేస్తోంది. జగ్గారావు తల్లి నాగేంద్రమ్మకు అదే జబ్బుకు వచ్చే వారం అక్కడే ఆపరేషన్. తీసిన గడ్డలో చిన్న ముక్క పరిశోధనకు ఇమ్మని అడగడానికి శారమ్మ వచ్చింది.

"గడ్డల అంతా కేన్సరే ఉండది," అంది వరండాలో కొంగు పిండుకుంటూ. "సుట్టూ వేరే కణాలుంటయి. గాయం మాన్పుడు వాటి పని. కేన్సర్ వాటిని మోసం చేస్తది. ఇంకా గాయం ఉన్నదనుకొని అవి వాపు పుట్టించే సంకేతాలు వదుల్తనే ఉంటయి. ఇంటర్‌ల్యూకిన్-6 గసొంటిదే. దాంతోని కేన్సర్ ఇంకా బలుస్తది. గా సంకేతం ఆపితే ఏమైతదో నేను సూడాలె."

"దానివల్ల మా అమ్మకి నయమవుతుందా?"

"కాదు. మీకు అబద్ధం చెప్ప."

"అయితే ఇవ్వం."

లోపలి నుంచి నాగేంద్రమ్మ వచ్చింది. "గడ్డ నాదిరా, నీది కాదు. ఇస్తానమ్మా. కాఫీ తాగి వెళ్ళు."

ఆపరేషన్ అయింది. ఆ ముక్క నుంచి పెంచిన కణాలకు మొదటిసారే బూజు పట్టింది. ఫోన్‌లో చెప్పి ఊరుకోవచ్చు. శారమ్మ బోధన్ వచ్చి ఎదురుగా నిలబడి చెప్పింది.

"పాడైనయి. కొన్ని ఫ్రీజర్ల దాసిన. మళ్ల పెడత."

"మళ్ళీ పాడైతే?"

"మళ్ల పెడత."

జగ్గారావు ఆమెను కాస్త ఎక్కువసేపే చూశాడు. ఆ తర్వాత తల్లిని కీమోకు తీసుకెళ్లినప్పుడల్లా ల్యాబ్ గుమ్మం దాకా వెళ్ళేవాడు.

"మా కణాలెలా ఉన్నాయండీ?"

"బతికినయి. మీ అమ్మలెక్కనే మొండివి."

"వాటిని చూసుకునేవాళ్ళు భోంచేశారా?"

"లేదు. మీరు తినిపిస్తరా ఏంది?"

అతను నిజంగానే క్యాంటీన్‌కు తీసుకెళ్లాడు.

చలికాలంలో ఫలితం వచ్చింది. సంకేతాన్ని అడ్డుకున్న చోట కేన్సర్ కణాలు మెల్లగా పెరిగాయి. అది మందు కావడానికి ఇంకా చాలా దూరం ఉంది. అయినా ఆ మాట నాగేంద్రమ్మకే ముందు చెప్పాలని శారమ్మ బోధన్ వచ్చింది. వెళ్ళేటప్పుడు జగ్గారావు గేటు దాకా వచ్చి ఆగాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా? మీ పని మానమని ఎప్పుడూ అనను."

శారమ్మ గేటు గడియ పట్టుకుని ఆగింది. "మీది గుడి, మాది చర్చి. మా బాపు ఒప్పుకోడు."

"ఆయన్ని నేను అడుగుతాను," అంది వెనక నుంచి నాగేంద్రమ్మ. "కారు తియ్యరా."

"వచ్చే వారం నీ స్కాన్ ఉంది, అది అయ్యాక వెళ్దామమ్మా."

"స్కాన్‌లో ఏమొచ్చినా నా మాట మారదు. పద."

నిజామాబాద్‌లో శారమ్మ తండ్రి హనోకు అంతా విని, లేచి వెళ్ళి నాగేంద్రమ్మకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తలకు కండువా చుట్టుకున్న నాగేంద్రమ్మ కుర్చీలోంచి కదలలేదు.

"గింత పానం బాగలేక కూడా వచ్చినవమ్మా," అన్నాడు చివరికి. "నీకు కాదని నేనెట్ల చెప్త? మరి మా పిల్లను అడిగిండ్రా?"

అందరూ శారమ్మ వైపు తిరిగారు.

"అడిగిండు బాపు. నేనే ఇంకా జవాబు చెప్పలే." జగ్గారావు వైపు చూసింది. "ఒప్పుకుంటున్న."