జంపర్ తీసిన మధ్యాహ్నం

తమ్ముడికి పనీపాటా లేదని, వైర్లపెట్టె పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడని, మొన్న ఎర్రకారులో ఎవరో సోకులమ్మ వీధి చివర దింపి వెళ్ళిందని ఎదురింటావిడ పనిగట్టుకొచ్చి మరీ చెప్పిందట. అక్క ఫోన్‌లో ఆ వైనమంతా అప్పజెప్పింది.

"ఎవర్రా అది?"

"ఆఫీసు మనిషక్కా."

"అందరూ ఆఫీసు మనుషులేలే! సరే, ఇవాళ కొత్త అంబులెన్సు నడిపిచూసే ట్రయల్ డ్రైవర్లందరిలో నాకే ఇచ్చారు. రెండూ ముప్పైఐదుకి పేషెంటుతో బయల్దేరుతున్నా. యాభై నిమిషాల దారి. మాటిమాటికీ ఫోన్ చెయ్యకు."

గూఢచారి డిపార్టుమెంటులో తమ్ముడి పేరు తొండ. ఏ రంగు గోడ దగ్గర ఆ రంగులో కలిసిపోతాడు. ఇవాళ నెరిసిన విగ్గూ, సోడాబుడ్డి కళ్ళద్దాలూ పెట్టుకుని ఆ అంబులెన్సుల ఫ్యాక్టరీ ల్యాబులో మీటర్లు సరిచూసే మెకానిక్కుగా చేరాడు.

పొద్దున చీఫ్ ముక్తసరిగా చెప్పాడు. "విదేశీ ముఠా ఆ కొత్త అంబులెన్సుల పవర్ చిప్‌లో ఏదో దూర్చింది. నాలుగింటికి రెండొందల బళ్ళు గేటు దాటతాయి. రుజువు లేకుండా ఆపలేను. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు. పొక్కితే ముఠా మాయమవుతుంది."

ఎవరికీ. అంటే అక్కకి కూడా.

ఎర్రకారు మనిషి బల్ల పక్కనే నిలబడింది. కోడ్ నేమ్ గాజుబొమ్మ. చిప్ కంపెనీ ఇంజినీరు, డిపార్టుమెంటుకి ఇన్ఫార్మరు. తొండ చిప్ బిగించిన ఎవాల్యుయేషన్ బోర్డు పరిచి, పన్నెండు ఓల్టుల సప్లై ఇచ్చి, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరు స్థానంలో, కరెంటు తాగి వేడెక్కే ఇటుకంత లోడ్ రెసిస్టర్ కట్టాడు. ఓల్టేజి చూపే తెరమీద గీత తాడు కట్టినంత తిన్నగా నిలబడింది.

"పాస్," అందామె.

తొండ కళ్ళు బోర్డు మూల రెండు పిన్నుల్ని కలుపుతున్న చిన్న జంపర్ మీద పడ్డాయి. చిప్‌లో వాచ్‌డాగ్ అనే కాపలా సర్క్యూటు ఉంటుంది. బండిలోని కంప్యూటర్ క్షణక్షణం పలకరించకపోతే కరెంటు కోసి మళ్ళీ ఇస్తుంది. బల్లమీద ఆ కంప్యూటర్ ఉండదు కాబట్టి ఊరికే మొరుగుతుంది. అందుకని జంపర్ పెట్టి దాని నోరు కట్టేస్తారు.

అతను చెయ్యి చాచాడు.

"తియ్యకండి! బోర్డు కాలిపోతుంది."

కాలదు. విసిగిస్తుంది, అంతే. చిప్ ఇంజినీరుకి ఆమాత్రం తెలీదా?

జంపర్ పీకేశాడు. బండి కంప్యూటరుకి బదులు సిగ్నల్ జనరేటరుతో వాచ్‌డాగ్‌ని తనే పలకరిస్తూ కూర్చున్నాడు. రెండున్నర. పావుతక్కువ మూడు. మూడు. గీత కదల్లేదు. ఈపాటికి అక్క సగం దారి దాటుంటుంది. తన అనుమానం తప్పని తేలితే బాగుండునని మొదటిసారి అనిపించింది.

మూడూ పదికి గీత దభాలున నేలకూలింది.

నలభై నిమిషాలు! అంటే అక్క బండిలో మూడుంబావుకి బూస్టరు చచ్చిపోతుంది, బ్రేకు కాలికింద బండరాయవుతుంది. ఫోన్ అందుకున్నాడు.

"పెట్టెయ్ కింద," అంది గాజుబొమ్మ. చేతిలో బుల్లి పిస్టల్.

తొండ రెసిస్టర్ వైరు పట్టుకుని విసురుగా లాగాడు. నలభై నిమిషాలు కాలిన రెసిస్టర్ ఆమె మణికట్టుకి తగిలింది. కేక. పిస్టల్ బల్లకిందికి జారిపోయింది. తొండ దాన్ని కాలితో తొక్కిపెట్టి ఫోన్ కలిపాడు.

మూడోసారికిగానీ అక్క ఎత్తలేదు. వెనక సైరన్ మోత.

"చెప్పానా చెయ్యొద్దని!"

"పక్కకి ఆపు. తాళం తీసి పది లెక్కపెట్టి మళ్ళీ తిప్పు."

"పేషెంటుందిరా!"

"అందుకే అక్కా."

సైరన్ ఆగింది. అక్క లెక్కపెట్టడం వినబడింది. తొమ్మిది. పది. ఇంజను మళ్ళీ అందుకునేసరికి గోడగడియారం మూడూ పద్నాలుగు దాటింది. కరెంటు తెగి వచ్చింది కాబట్టి చిప్‌లో నలభై నిమిషాల లెక్క మళ్ళీ మొదటికొచ్చినట్టే. తొండ వెంటనే చీఫ్ నంబరు నొక్కాడు.

చీఫ్ మనుషులతో వచ్చాడు. గేటు మూయించారు. వెనకే ఆ చిప్‌ని పాస్ చేసిన ల్యాబ్ హెడ్ ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఆర్నెల్లు! పెట్టిన ప్రతి టెస్టూ పాసయింది!" చీఫ్ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఈ ల్యాబు వాళ్ళందరి కళ్ళూ ఎలా కప్పావ్?"

"నేనేం కప్పలేదు. జంపర్ ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండే చిప్ ఇచ్చాను. ఆర్నెల్లలో మీలో ఒక్కరు ఒక్కసారి దాన్ని పీకి చూసుంటే, ఆ రోజే దొరికిపోయేదాన్ని."

ల్యాబ్ హెడ్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.