ఉప్పు లేని పులుసు

భోజనాల హాల్లో నలభై మంది ఒకేసారి తిడుతున్నారు. పులుసులో ఉప్పు లేదట, అన్నం పలుకుగా ఉందట, వండినవాడి చేతులు పడిపోవాలట. పక్కగదిలో డాక్టర్ మృణాళిని తెరమీద నలభై ఆకుపచ్చ చుక్కలు చూసుకుని మురిసిపోతోంది.

భీమిలి ఒడ్డునున్న ఆ వృద్ధాశ్రమంలో ప్రతి ముంజేతికీ ఒక పట్టీ ఉంటుంది. అది నాడి చూస్తుంది, మాట వింటుంది. మనిషి బాగుంటే ఆకుపచ్చ, నీరసిస్తే పసుపు, దిగజారితే ఎరుపు. ఎరుపు వెలిగిందా, గంటలో బండి వచ్చి సిటీలోని ప్రత్యేక వార్డుకి తీసుకుపోతుంది. అక్కడ వైద్యానికి లోటు లేదు గానీ, వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

పట్టీకి ఈ తెలివి ఎక్కడిదంటారా? ఆయా ఎరుకమ్మది. చదువుకున్నవాళ్ళకి ఎన్నడూ లేని బుద్ధి పుట్టి, ముసలితనం గురించి ముసలివాళ్ళనీ, వాళ్ళకి నీళ్ళు పోసేవాళ్ళనీ కూర్చోబెట్టి అడిగారు. ఇరవై ఏళ్ళ అనుభవాన్ని ఎరుకమ్మ ఒక్క ముక్కలో చెప్పింది.

"తిడతన్నంతకాలం బయం లేదు డాక్టరమ్మా. కూరకి వంక పెట్టడం మానేసారంటే మాత్రం ఆ మనిషిని కనిపెట్టుకునుండాలి."

డాక్టర్ ఆ మాటే యంత్రానికి నేర్పింది. వయసు మళ్ళాక నాడి ఎలాగూ తడబడుతుంది కనుక తిట్టుకే ఎక్కువ మార్కులు వేసింది. నవ్వకండి, మొదటి ఏడాది అది చాలా ప్రాణాలు నిలబెట్టింది.

తర్వాత అప్పలనరసమ్మ మామ్మ వంతొచ్చింది. ఎరుకమ్మకి తల్లి తర్వాత తల్లి ఆవిడ. ఒక మధ్యాహ్నం మామ్మ పల్లెత్తు మాటనకుండా తింటోంది, పట్టీ పసుపుకి తిరిగింది. అది ఎరుపైతే ఆవిణ్ణి బండెక్కించాలి, దానికి ఎరుకమ్మకి మనసొప్పలేదు. గట్టిగా తిట్టమని చెవిలో చెప్పింది. మామ్మ తిట్టింది, రంగు మారింది. ఇంకేముంది, సాయంత్రానికల్లా ఆ కిటుకు ఆశ్రమమంతా పాకింది. ఆనాటి నుంచి అక్కడ జబ్బన్నదే లేదు. డాక్టర్‌కి బహుమతి కూడా వచ్చింది.

ఈరోజూ అందరితోపాటు మామ్మ తిడుతోంది. "పులుసులో ఉప్పేదే? నోట పెట్టలేకపోతన్నాను."

గరిటె పట్టుకొస్తున్న ఎరుకమ్మ ఆగిపోయింది. మామ్మ కంచంలో ఇంకా పులుసు వడ్డించనేలేదు. చెయ్యి ముట్టుకుంటే చల్లగా ఉంది.

ఒక్క పరుగున డాక్టర్ దగ్గరికెళ్ళింది. తిట్టమని నేర్పింది తనేనని, పాపం తనదేనని ఏడ్చింది. బండిని పిలవమని కాళ్ళావేళ్ళా పడింది. డాక్టర్ తెరకేసి చూసి ఓపిగ్గా నవ్వింది.

"ఆకుపచ్చగానే ఉంది కదా ఎరుకమ్మా. నువ్వు నేర్పిన విద్యే. ఇప్పుడది నీకన్నా బాగా చూస్తోంది."

ఎరుకమ్మ తిరిగొచ్చేసరికి మామ్మ గోడకి ఆనుకుని ఉంది. నోరు సగం తెరిచే ఉంది, మాట లేదు. అప్పుడు వెలిగింది ఎరుపు.

చుట్టూ తక్కినవాళ్ళంతా ఇంకా గట్టిగా తిట్టడం మొదలెట్టారు. వాళ్ళలో ఎవరికి ఉప్పు తక్కువైందో, ఎవరికి ప్రాణం మీదికొచ్చిందో ఎరుకమ్మకి తెలియలేదు.