ఇటుకబట్టీ వెనక ఆఖరి రీలు

ఇటుకబట్టీ వెనక మైదానం పేరెత్తితే మా ఊళ్లో మగవాళ్లు మాట మార్చేస్తారు. ఆడవాళ్లు మార్చరు. ఎందుకంటే అక్కడున్నదానికి ఆడవాళ్లతో పేచీ లేదు.

మూతపడ్డ బట్టీ, దాని వెనక మట్టి తవ్వగా మిగిలిన నీళ్ల గుంట, గుంట చుట్టూ మోకాలెత్తు గడ్డి. వెనకటికి చున్‌థావ్ అనే పిల్ల అక్కడ ఇటుకలు మోసేది. ఒకనాడు తెల్లారేసరికి ఆమె చెక్క చెప్పులు గుంట గట్టున జతగా కనిపించాయి. మనిషి లేదు. వెదురు గడలతో ఎంత గాలించినా నీళ్లు ఏమీ ఇవ్వలేదు. ఎవడో మాటిచ్చి తప్పాడని ఊరు అనుకుంది. ఎవడన్నది మాత్రం తేలలేదు.

అప్పట్నుంచి చీకటి పడ్డాక మగవాడు ఆ దారిన పోతే వెనకనుంచి ఒక ఆడగొంతు అడుగుతుందట — "అతను వస్తున్నాడా...?" అని. జవాబు చెప్పినవాడు లేడు. పరిగెత్తనివాడూ లేడు.

ఇక ఏడో నెల వచ్చిందంటే చెప్పక్కర్లేదు. చచ్చినవాళ్లకి నెల్లాళ్లు సెలవు, అందరూ ఇటే వస్తారు. ఆ నెలలో దెయ్యం అనే మాట నోట రాకూడదు, 'అన్నగార్లు' అనాలి. వాళ్లకి బల్లల మీద కోడీ, సారా, సిగరెట్లూ పెడతాం. మొహం కడుక్కోవడానికి బేసిన్లో నీళ్లు, పక్కన తువ్వాలు. బట్టీ వెనక వెదురు బొంగులకి తెర కట్టి సినిమా వేస్తాం. కుర్చీలు వాళ్లకే. బొమ్మ మొదలవగానే బతికున్నవాళ్లం వెనక్కి చూడకుండా ఇంటికి పోతాం.

ఏటా ఆ సినిమా ఖర్చు భరించేది సోయా సాస్ కార్ఖానా వెన్‌పాన్. అరవై దాటిన మనిషి, మాటకి ముందు గుడికి దండం పెట్టే రకం. సినిమా ఏదన్నదీ తనే చెప్పేవాడు. నవ్వుల సినిమాలే. కత్తులు వద్దు, కన్నీళ్లు వద్దు, ప్రేమ అసలే వద్దు. దిక్కులేని ఆత్మలు కాసేపు నవ్వుకోవాలని పాపం ఆయన తాపత్రయం, అని గుళ్లో అందరూ మెచ్చుకునేవాళ్లు.

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటుంటే మెచ్చుకునే ఊరు మాదొక్కటేనేమో. ఎందుకంటే ఆ మాట తప్పినవాడు వెన్‌పానే. చున్‌థావ్‌ని చేసుకుంటానని చెప్పి, సాస్ జాడీల ఇంటి పిల్ల సూలాన్‌ని చేసుకున్నాడు. ఏడాదికోసారి చున్‌థావ్ కడుపారా నవ్వుకుంటే తన గుమ్మం దాకా రాదని అతని లెక్క. ఆ లెక్క మీదే ఇన్నేళ్లూ నిద్రపోయాడు.

ఆ ఏడు వెన్‌పాన్ గుడి పనుల్లో చిక్కుకుని, బొమ్మ మొదలైన చాలాసేపటికి మైదానానికి వచ్చాడు. గట్టు మీద నిలబడి ఒక్క జోకు చెవిన పడగానే వెళ్లిపోవడం అతని అలవాటు.

జోకు వినిపించలేదు. తెర మీద ఒక ఆడది అద్దం ముందు కూర్చుని... ఇంకొకామె గౌను తొడుక్కుని... ఇంకొకామెలా నవ్వడం నేర్చుకుంటోంది.

వెన్‌పాన్ ప్రొజెక్టరు దగ్గరికి ఒక్క అంగలో చేరాడు. "ఒరేయ్ ఆఖుయ్... ఇదేం సినిమారా?"

"డబ్బాలు మారాయి పెదనాన్నా," అన్నాడు బొమ్మ వేసే ఆఖుయ్, పల్లీలు నములుతూ. "కీలుంగ్ పట్నంలో సినిమా డబ్బాల కొట్టువాళ్లు ఈసారి ఇది పంపారు. కానీ ఏం సినిమా! ఒకడు ఓ పిల్లకి మాటిచ్చి, డబ్బున్న ఇంట్లో పెళ్లి చేసుకుంటాడు..."

"నెమ్మదిగా మాట్లాడు!"

"ఆ పిల్ల ముఖం మార్చుకుని, పేరు మార్చుకుని, వాడింట్లోనే పనిమనిషిగా చేరుతుంది. పగలూ రాత్రీ వాడి పెళ్లాన్నే చూస్తుంటుంది. ఎలా నడుస్తుంది, ఎలా వండుతుంది, ఎలా దగ్గుతుంది... అదే పిచ్చి. మెల్లమెల్లగా పెళ్లాంలాగే అయిపోతుంది. ఇప్పుడు వాడి పక్కలో పడుకున్నది ఎవరో వాడికే తెలీదు!"

వెన్‌పాన్ తెర వైపు మళ్లీ చూశాడు. పగ తీర్చుకోవడం ఎలాగో చున్‌థావ్‌కి తన డబ్బుతో తనే పాఠం చెప్పిస్తున్నాడన్నమాట.

"ఆపెయ్."

"నేనా? మధ్యలో ఆపితే ఊరుకుంటారా వాళ్లు?" ఆఖుయ్ గడ్డంతో చీకట్లోని కుర్చీల వైపు చూపించాడు. "మీరే వెళ్లి చెప్పండి."

వెన్‌పాన్ వెళ్లలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "చివరికేమవుతుంది? వాణ్ని... చంపుతుందా?"

"ఏమో. ఆఖరి రీలు డబ్బాలో లేదు."

అప్పుడే తెర మీద ఆమె కూరగాయల కత్తి పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. మెల్లగా తలెత్తింది... టపటపమంటూ రీలు అయిపోయింది. తెర తెల్లగా వెలిగింది.

ఆ వెలుతురులో కుర్చీలన్నీ కనిపించాయి. అన్నీ ఖాళీ... ముందు వరసలో ఒక్కటి తప్ప. ముడి వేసిన ఆడతల. అటు తిరిగి కూర్చుంది.

"ఆ తర్వాత...?" అంది ఆ తల.

ఆఖుయ్ ఎటు పోయాడో వెన్‌పాన్‌కి తెలీదు. తనెటు పోతున్నాడో కూడా తెలీదు. ఒక చెప్పు గడ్డిలో పోయింది. గుళ్లోకి దూరి, దేవుడి ముందు సాగిలపడి, పందిని కాల్చి పెడతానని మొక్కాడు. వణుకు తగ్గలేదు. రెండో పందిని మొక్కాడు. అప్పుడు కాస్త నిలబడగలిగాడు.

ఇల్లు చేరేసరికి వంటింట్లో దీపం ఉంది. సూలాన్ అల్లం తరుగుతోంది. టక్... టక్... టక్.

"ఏరా ముసలి కోతీ, ఒంటి చెప్పుతో ఊరేగుతున్నావేం?"

మాట సూలాన్‌దే. ముసలి కోతి అని మా ఊళ్లో పెళ్లాలందరూ అంటారు, అందులో తప్పేం లేదు. కానీ ఆమె జుట్టు... ముడి వేసి ఉంది. పంట్లాం అంచున గడ్డి గింజలు అతుక్కుని ఉన్నాయి.

వెన్‌పాన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "సూలాన్... మన పెళ్లిలో డోలు వాయించినవాడికి ఏమైంది?"

"తాగి మా నాన్న సాస్ జాడీలో పడ్డాడు. ఏం, ఇప్పుడు పైకి తేలాడా?"

అది ఊరంతటికీ తెలిసిందే, అనుకున్నాడు వెన్‌పాన్. ఇంకెవరికీ తెలియనిది అడగాలి. "నాకు... చక్కిలిగిలి ఎక్కడ?"

సూలాన్ కత్తి ఆపి, ఎగాదిగా చూసింది. "ఎడమ మోకాలి వెనక. ఈ వయసులో ఏం సరసంరా నీకు?"

హమ్మయ్య అనుకున్నాడు. అంతలోనే ఇంకొకటి గుర్తొచ్చింది. ఎడమ మోకాలి సంగతి చున్‌థావ్‌కీ తెలుసు.

"నువ్వు..." అన్నాడు. "నువ్వెవరు?"

ఆమె కత్తి పట్టుకునే అతని వైపు తిరిగింది. మెల్లగా తలెత్తింది.

"ఆ తర్వాత...?" అంది.

అదే గొంతు.

వెన్‌పాన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లూ పళ్ల మధ్య నొక్కిపెట్టిందంతా ఒక్కసారి బయటపడింది. "చున్‌థావ్... బట్టీ వెనక ఉండు, వస్తానన్నాను. రాలేదు. జాడీలు చూసి ఆశపడ్డాను. ఊరంతా నిన్ను నీళ్లలో వెతుకుతుంటే నేను పొయ్యి ముందు కూర్చుని సోయాబీన్లు ఉడకబెట్టాను. గట్టు దాకా కూడా రాలేదు. వస్తే ఏడుస్తాననీ, ఏడిస్తే దొరికిపోతాననీ భయం. నేను పిరికివాణ్ని. నీకు చాలా అన్యాయం చేశాను..." ముక్కు తుడుచుకున్నాడు. "సూలాన్‌ని మాత్రం ఏం చెయ్యకు. ఎక్కడ దాచావో అక్కడ్నుంచి వదిలెయ్. దానికేం తెలీదు. నన్ను తీసుకుపో."

కత్తి బల్ల మీద పెట్టిన చప్పుడైంది. సూలాన్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంది.

"లే. నేల చల్లగా ఉంది, నీ మోకాళ్లు పట్టేస్తాయి."

"నువ్వు... సూలాన్‌వేనా?"

"మరెవర్ని? ఏటా గుళ్లో అంట్లు తోముతున్నానని చెప్పి ముందు వరసలో కూర్చునేది నేనే. చల్లటి గాలి, ఊరికే సినిమా. పెళ్లయ్యాక ఒక్కసారైనా నన్ను హాలుకి తీసుకెళ్లావా నువ్వు?"

"అన్నగార్లు ఉండే చోట... భయం వెయ్యలేదూ?"

"వాళ్ల పాటికి వాళ్లు చూస్తారు, నా పాటికి నేను. నీకంటే నయం, మధ్యలో గురక పెట్టరు. అడ్డదారిన వచ్చేసరికి నువ్వింకా ఇంటికే చేరలేదు."

వెన్‌పాన్‌కి ఊపిరి వచ్చింది. ఊపిరితో పాటు సిగ్గూ వచ్చింది. "అయితే చున్‌థావ్ సంగతి... నీకిప్పుడే తెలిసిందా?"

"పెళ్లికి ముందే తెలుసు," అంది సూలాన్. "ఒక రాత్రి నాతో దెబ్బలాడదామని మా ఇంటికే వచ్చింది. ఆకలి మీదుంది, అన్నం పెట్టాను. తింటూ అంతా చెప్పింది. పెళ్లి మానేస్తానన్నాను. తనేమో, పెళ్లి పిలుపు కేకులు ఊరంతా పంచేశారు, తిన్న కేకులు ఎవరు తిరిగిస్తారు, వాణ్ని నువ్వే ఉంచుకో, నాకొద్దు అంది. నా కొత్త బూట్లిచ్చి తొలి రైలెక్కించాను. చెప్పులు గట్టున పెట్టింది మాత్రం తనే. నా కోసం వెతుకుతాడో లేదో చూసి చెప్పమంది."

"బతికే ఉందా?" వెన్‌పాన్ గొంతు చిన్నపిల్లాడి గొంతైంది. "నిజంగా బతికే ఉందా?"

"కీలుంగ్‌లో చేప ఉండల కొట్టు. ఇద్దరు మనవలు. ఏటా కొత్త సంవత్సరానికి మా పిన్ని పంపిందని చెప్పి నీకు పెడుతున్న చేప ఉండలు ఎవరివనుకున్నావ్? లొట్టలేసుకుని తింటావుగా."

వెన్‌పాన్ అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఈసారి భయంతో కాదు. తన చేతిమీదుగా ఒక ప్రాణం పోలేదన్న సంతోషంతో. సూలాన్ ఏడవనిచ్చింది.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదే?" అన్నాడు కాసేపటికి.

"చెప్పొద్దని తనే ఒట్టు వేయించుకుంది. వాడే నోరు తెరిచి తప్పు ఒప్పుకునేదాకా వాడి సినిమాలు వాణ్ని వేసుకోనీ అంది. ఏ ఏడు ఏం వేయించావో నేను కబురు పెట్టేదాన్ని, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నువ్వేమో ఏటా భయపడ్డావే గానీ ఒక్క మాట పెగల్లేదు. మొన్న చున్‌థావ్‌కి విసుగెత్తింది. వయసైపోతోంది, ఇక ఆగలేనంది. వాళ్ల అల్లుడిదే ఆ సినిమా డబ్బాల కొట్టు."

వెన్‌పాన్ నోరు తెరిచాడు. "అంటే ఆ డబ్బా..."

"తనే ఏరి పంపింది. ఆఖరి రీలు తన దగ్గరే ఉంచుకుంది. చివరికేమవుతుందో తెలుసుకోవాలంటే వచ్చి అడగమంది. నాతో అన్నదంతా తన ముందు అను. రేపు తొలి రైలుకే పోతున్నాం."

దీపం ఆర్పారు. సూలాన్ పడుకోగానే నిద్రలోకి జారింది. వెన్‌పాన్ కప్పు చూస్తూ పడుకున్నాడు. దెయ్యానికైతే తెర కట్టి బొమ్మ వేస్తే సరిపోయేది. బతికున్న మనిషి ముందు నిలబడి ఏమనాలి? ఎంత వెతికినా మొదటి మాట దొరకలేదు.

"సూలాన్..." అన్నాడు చీకట్లో, గుసగుసగా. "ఆమె దగ్గర... కత్తి ఉంటుందా?"

సూలాన్ అటు తిరిగి దుప్పటి లాక్కుంది.

"చేపల కొట్టురా ముసలి కోతీ. నాలుగైదు ఉంటాయి."