బండల బాట

తాండూరు పక్క గనిలో మొగులప్ప బండ పరిచాడంటే దారం గుంజి కొట్టినట్టు తిన్నగా ఉండాల్సిందే. నల్లరేగడిలో బండి చక్రాలు దిగబడకుండా గని నుంచి రైలు పట్టాల దాకా బండలతో బాట వేసింది ఆయనే. వాన పడితే అది అద్దంలా మెరిసేది. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటే మొగులప్ప మురిసిపోయేవాడు. ఆ మెరుపే కొంప ముంచింది.

నిరుడు వానకాలం, పొద్దు గూకే వేళ, బొంబాయి నుంచి వస్తున్న విమానం మబ్బుల్లో దారి తప్పింది. పైలట్ కింద మెరుస్తున్న బాటను చూసి బేగంపేట రన్‌వే అనుకున్నాడు. దింపేశాడు. పందొమ్మిది మందిలో ఒక్కరూ మిగల్లేదు. పైలట్ పొరపాటేనని సర్కారువాళ్ళు తేల్చారు. మొగులప్పను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

కానీ ఒక్క సంగతి ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది. అందరికంటే ముందు ఉరికింది ఆయనే. అప్పటికి పైలట్‌కు కొన ఊపిరి ఉంది.

"బేగంపేట్ ఆగయా?" వచ్చేసిందా అని గుసగుసగా అడిగాడు.

పోయే ప్రాణానికి నిజం చెప్పి ఏం లాభం? "హౌ సాబ్, బేగంపేటే. అందరు మంచిగ దిగిండ్రు" అన్నాడు మొగులప్ప. ఆ మనిషి నవ్వి కన్నుమూశాడు.

బాట పీకేశారు. ఆ బండలు ఉత్తగా ఇస్తామన్నా ఎవరూ ముట్టలేదు. తన చేత్తో చెక్కినవాటిని పారేయ మనసొప్పక మొగులప్ప ఓ ఇరవై బండలు తెచ్చి ఇంటి గోడకు ఆనించాడు. అప్పటి నుంచి వాన పడిన ప్రతి సాయంత్రం పైన విమానం మోత... మబ్బుల్లో చుట్టూ తిరిగి, దిగే చోటు కానరాక వెళ్ళిపోయేది. ఆయన ఒక్కడికే వినబడేది.

ఈ ఏడు బిడ్డ భీమమ్మ తొలికాన్పుకు వచ్చింది. తల్లి లేని పిల్ల. తల్లీపిల్లా సుఖంగా బయటపడాలని ఆయన మొక్కని దేవుడు లేడు.

ఆ సాయంత్రం ముసురు. గని నుంచి ఇంటికి వస్తుంటే మోత మొదలైంది. ఎప్పటిలా తిరగడం లేదు... కిందికి వస్తోంది. వాకిట్లో అడుగుపెట్టబోయి మొగులప్ప ఆగాడు. వీధి నుంచి గడప దాకా ఆ ఇరవై బండలు. దారం గుంజి కొట్టినట్టు. తడిసి మెరుస్తూ.

"ఎవలు పరిచిండ్రు బిడ్డా గివి?"

"బురదల కాలు జారుతదేమోనని పక్కింటి బీరన్నతోని నేనే పరిపిచ్చిన నాయినా" అంది లోపలి నుంచి భీమమ్మ. "నీ లెక్కనే మంచిగ వచ్చింది గద!"

మొగులప్ప వంగి, పీకేద్దామని వీధి వైపు చివరి బండ పట్టుకున్నాడు. మోత ఇంటి పెంకుల మీదికి వచ్చేసింది. కాలిన నూనె వాసన... బండ కదల్లేదు. రెండేసి బండలు ఒక్కడే ఎత్తే మనిషి. పళ్ళు బిగించి లాగాడు. ఊహూ. ఎవరో దాని మీద నిలబడ్డట్టు...

మోత ఆగిపోయింది.

బండ మీద రెండు బూటు అడుగులు. పొడిగా. వాన వాటి మీదే పడుతోంది, తడవడం లేదు. ముందు బండ మీద ఇంకో రెండు. ఆ ముందు ఇంకో రెండు. గడప వైపు.

"బిడ్డా!" అని ఉరికాడు.

"మెల్లగ నాయినా..." భీమమ్మ చాప మీద కూర్చుని గుసగుసలాడింది. "ఎవలో వచ్చిండు. బేగంపేట్ ఆగయా అని అడిగిండు."

"ఏం... ఏం చెప్పినవ్?"

"కాదన్న. గిది మా ఇల్లు అన్న. మస్తు అలిసినట్టున్నడు పాపం. జర కూసోమన్న."

గదిలో ఎవరూ లేరు. పొడి అడుగులు తడి గడప దాటి భీమమ్మ చాప దాకా వచ్చాయి. తిరిగి పోలేదు. ఆమె ఒక్కసారిగా కడుపు పట్టుకుంది.

తెల్లారకముందే మగపిల్లవాడు పుట్టాడు. ఇద్దరూ క్షేమమని మంత్రసాని రాహేలమ్మ చెబితే మొగులప్ప వెక్కి వెక్కి ఏడ్చాడు. అంతలో నీళ్ళు పోస్తున్న చోటి నుంచి ఆమె మళ్ళీ పిలిచింది.

"గిదేం చోద్యం మొగులప్పా! నాలుగు చెంబులు పోసిన. పిలగాని ఒళ్ళంత తడిసింది. అరికాళ్ళకు మాత్రం సుక్క అంటుతలేదు."