సాలెవాయి శంఖం, ఆరూ పన్నెండు

లియోనా ఇంకా బతికే ఉందన్న సంగతి ఏజెంట్ సెఫోకి ముక్కలు ముక్కలుగా తెలిసింది.

“సె... నే... బాగానే... వాళ్ళు చెప్పినట్టు చె...”

ఆ వెనకే ఒక మగ గొంతు. అదీ ముక్కలే. “ఆరున్నర... రాడార్... లేకపోతే...”

సెఫో చెవిలోని ఇయర్‌ఫోన్ శనగగింజంత ఉంటుంది. బ్యూరోకి వచ్చిన ఆ కాల్‌ని అందులోకి కలిపారు, ఇతని మాటలు మాత్రం అటు వినపడవు. తల నిండా మైదాపిండి, ఒంటి మీద బేకరీ ఏప్రన్. నడుపుతున్నది రొట్టెల వ్యాన్. వ్యాన్‌లో ఒక్క రొట్టె లేదు గాని వైర్‌లెస్ సెట్టు, రెండు పిస్తోళ్ళు, మూడు దొంగ నంబర్ ప్లేట్లు ఉన్నాయి. ఇన్ని ఉండి ఏం లాభం? ఎటు వెళ్ళాలో తెలియదు. ఉపోలు ద్వీపం తూర్పు తీరం రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు, అంతే.

“మేడమ్, ఏమంటాడు వాడు?”

రాజధాని అపియాలో, పైకి ఎరువుల దుకాణంలా కనిపించే ఆఫీసులో కూర్చున్న బ్యూరో చీఫ్ ఫిలోమెనా తోఫా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

“ఆరున్నరకల్లా హార్బర్ రాడార్ ఆపెయ్యాలట. ఆయుధాలతో వాడి పడవ పగడపు దిబ్బల రీఫ్ దాటి లోపలికి రావాలట. ఆపకపోతే లియోనాని చంపేస్తాడట. ఈ కాల్ కట్ చేసినా చంపేస్తాడట.”

“ఆపుతారా?”

“ఆపను.”

సెఫో స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ స్థానంలో ఉంటే తనూ ఆపడు.

వాడి పేరు క్రెస్. ఏ దేశం వాడో వాడికే తెలియాలి, పాస్‌పోర్టులు మాత్రం అయిదున్నాయి. లియోనా రెండేళ్ళుగా వాడి ముఠాలో ఉంది. పచ్చరాళ్ళ దుద్దులు పెట్టుకుని, హోటల్ డాన్స్ ఫ్లోర్ మీద వాడి భుజాన చెయ్యి వేసి నవ్వేది. మర్నాడు వాడి రహస్యాలన్నీ తెచ్చి బ్యూరో బల్ల మీద పోసేది. ఆమె ఎవరి మనిషో బ్యూరోలో సగం మందికి ఇప్పటికీ అనుమానమే. సెఫోకి లేదు. ఆమెని ఈ ఊబిలోకి దింపింది తనే. దింపి, తను గట్టు మీద నిలబడి చూస్తున్నాడు, అదీ తన బతుకు.

“సముద్రం మధ్యలో ఉన్నానంటున్నాడు,” అంది చీఫ్. “పోలీసు లాంచీలన్నీ అటే వెళ్ళాయి.”

“అబద్ధం. వాడి డ్రైవరు పొద్దున ఈ రోడ్డు మీదే పెట్రోలు కొట్టించుకున్నాడు.”

“ఈ రోడ్డు మీద ఇరవై ఊళ్ళున్నాయి సెఫో. కాల్‌ని మూడు దేశాల చుట్టూ తిప్పి పంపుతున్నాడు. ఎక్కణ్ణుంచో పట్టుకోలేకపోతున్నాం.”

అప్పుడు లైన్‌లోకి ఓలి వచ్చాడు. అరవై ఏళ్ళ టెక్నీషియన్. బ్యూరోలో అందరికీ బాబాయే.

“ఒరేయ్, నీకు వాళ్ళ మాట ఎలా వినిపించమంటావు? స్పష్టంగానా, వెంటనేనా? రెండూ కుదరవు.”

“ఇదేం బేరం బాబాయ్, ఇప్పుడు?”

“బేరం కాదురా, జిట్టర్. మాటని చిన్నచిన్న ముక్కలు చేసి పంపుతుంది ఫోను. బయల్దేరేటప్పుడు వరసగానే బయల్దేరతాయి. దారిలో రద్దీ ఉంటే ఒకటి తొందరగా వస్తుంది, ఇంకోటి తీరిగ్గా వస్తుంది. అందుకని వచ్చినవాటిని కాసేపు బఫర్‌లో కూర్చోబెట్టి, వరస పెట్టి వదులుతాను. ఎక్కువసేపు కూర్చోబెడితే శుభ్రంగా వినిపిస్తుంది, కానీ అది అయిపోయిన మాట. తక్కువసేపు అయితే ఇప్పటి మాటే, కానీ నుజ్జునుజ్జు.”

“ఇప్పటి మాటే కావాలి. ఆమె అరిస్తే నాకు అప్పుడే తెలియాలి.”

“తెలిస్తే ఏం చేస్తావురా?” అన్నాడు ఓలి. వేళాకోళంగా కాదు, జాలిగానే అన్నాడు.

సెఫో గేరు మార్చి వ్యాన్‌ని ముందుకు పోనిచ్చాడు.

ఆరయింది. ఆరూ అయిదు. ఊళ్ళు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. ముంగిళ్ళలో పొగ, చెత్త ఊడుస్తున్న ఆడవాళ్ళు, ఫోన్లలో తలలు పెట్టిన కుర్రకారు. వీటిల్లో ఏదో ఒక ఇంట్లో లియోనా ఉంది. ఇల్లిల్లూ తలుపు కొడుతూ పోనా? మొదటి తలుపు కొట్టేసరికే క్రెస్‌కి తెలిసిపోతుంది. దేవుడా, ఏ పాపం చేశానని నన్ను ఈ వ్యాన్‌లో కూర్చోబెట్టావు అనుకున్నాడు.

ఆరూ పన్నెండుకి చెవిలో గరగర ఆగిపోయింది.

“మంచినీళ్ళు కావాలి,” అంది లియోనా. ఎంత స్పష్టంగా అంటే, పక్క సీట్లో కూర్చుని అడిగినట్టే ఉంది.

“బాబాయ్, బఫర్ పెంచావా?”

“నేనేం ముట్టుకోలేదురా!” ఓలి అరుస్తున్నాడు. “జిట్టర్ దానంతటదే పడిపోయింది. నూట నలభై మిల్లీసెకన్లు ఉన్నది ఆరు మిల్లీసెకన్లకి దిగింది. ఆ చివర రద్దీ ఒక్కసారిగా మాయమైపోయింది. ఊరు ఊరంతా ఒకేసారి ఫోన్లు కింద పెట్టేసినట్టు...”

ముగ్గురూ ఈ మట్టిలో పుట్టినవాళ్ళే. ఊరంతా ఒకేసారి ఫోను కింద పెట్టేది ఒక్కందుకే.

“సా!” అంది చీఫ్.

సాయంత్రం శంఖం మోగితే సా మొదలు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ప్రార్థన చేసుకోవాలి. మళ్ళీ శంఖం మోగేదాకా రోడ్డు మీద పురుగు కూడా కదలకూడదు. అయితే అన్ని ఊళ్ళకీ ఒకే వేళ కాదు. ఒక ఊళ్ళో అయిదున్నర, ఇంకో ఊళ్ళో ఏడు. ఆరూ పన్నెండుకి శంఖం ఊదే ఊరు ద్వీపం మొత్తానికి ఒక్కటే. అక్కడి పెద్దాయన గోడగడియారం పన్నెండు నిమిషాలు వెనక నడుస్తుంది. అది సరిచేయించండి తాతా అని ఎవరైనా అంటే, మీ గడియారాలే తొందరపడుతున్నాయి అంటాడు. దాని మీద జోకులు అపియా దాకా వచ్చాయి.

“సాలెవాయి,” అన్నారు ముగ్గురూ.

తూర్పున ఎనిమిది కిలోమీటర్లు. సెఫో వ్యాన్‌ని ఎగరగొట్టాడు. ఆరూ పంతొమ్మిదికి సాలెవాయి పొలిమేర చేరాడు.

రోడ్డుకడ్డంగా కొబ్బరి దుంగ. దాని వెనక ఒకేరకం నీలం లుంగీల్లో నలభై మంది మగవాళ్ళు. అందరిలోకీ పెద్ద శాల్తీ ముందుకొచ్చాడు. అతని పేరు పాతూ. ఊరి కావలి దళానికి నాయకుడు.

“ఏం రొట్టెలన్నా, కళ్ళు కనపడట్లేదా? సా నడుస్తోంది. దిగి కూర్చో.”

“అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. ప్రాణం మీదికొచ్చింది.”

“రోజూ ఎవడికో ఒకడికి ప్రాణం మీదికే వస్తుంది. మొన్నొకడు పెళ్ళాం నొప్పులు పడుతోందన్నాడు. ఆరా తీస్తే వాడికి పెళ్ళే కాలేదు. కూర్చో.”

సెఫో చెయ్యకూడని పని చేశాడు. నిజం చెప్పాడు. “నేను రొట్టెలవాణ్ణి కాదు. గవర్నమెంట్ సీక్రెట్ ఏజెంట్‌ని. మీ ఊళ్ళో ఒక అమ్మాయిని కట్టి పడేశారు. ఆరున్నరకి చంపేస్తారు.”

పాతూ అతని నెత్తి మీది పిండి చూశాడు. ఏప్రన్ చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు.

“ఓరి నీ దుంపతెగ! ఇది కొత్తగా ఉంది. ఏదీ, కార్డు చూపించు.”

“సీక్రెట్ ఏజెంట్ దగ్గర కార్డు ఎందుకుంటుంది?”

“భలే చెప్పావ్. నేను నేవీలో అడ్మిరల్‌ని. కూర్చుని రెండు చేతులూ జోడించు.”

పిస్తోలు వ్యాన్‌లో ఉంది. నలభై మందిని ఏం చేస్తాడు? తుపాకి పేలిందంటే క్రెస్ వింటాడు. అపియా నుంచి పోలీసులు బయల్దేరారు, నలభై నిమిషాల దూరం. సెఫో దుంగ పక్కన చాప మీద కూర్చున్నాడు. చేతులు జోడించాడు.

ఇళ్ళల్లోంచి కీర్తనలు లేచాయి. ఒక్కో ఇంట్లో ఒక్కోటి. నీలంరేకుల కప్పున్న ఇంట్లో ఒక ముసలమ్మ గొంతు పైస్థాయిలో ఒక చరణం ఎత్తుకుంది. అర సెకను తర్వాత అదే గొంతు, అదే చరణం సెఫో చెవిలో ఇయర్‌ఫోన్‌లో పాడింది.

క్రెస్ ఫోనుకి ఆ పాట వినపడుతోందంటే, లియోనా ఆ ఇంటి వెనకే ఉంది. యాభై గజాలు. లేచి పరిగెడితే ఏడు సెకన్లు. రెండో అడుగుకే పాతూ మెడ పట్టి కూర్చోబెడతాడు. ఆ గొడవకి క్రెస్ కిటికీలోంచి తొంగిచూస్తాడు. సెఫో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్న కావలివాడు అది భక్తి అనుకుని భుజం తట్టాడు.

ఆరూ ఇరవై ఎనిమిది. చెవిలో క్రెస్ గొంతు, అద్దంలా స్పష్టంగా వినిపించింది. “రాడార్ ఇంకా తిరుగుతూనే ఉంది. సరే. కారు తియ్. జెట్టీ మీద పని ముగించి పడవెక్కేద్దాం.”

ఇంజన్ చప్పుడు రెండుసార్లు వినిపించింది, గాలిలో ఒకసారి, చెవిలో ఒకసారి. నీలంరేకుల ఇంటి వెనకనుంచి నల్లకారు బయటికొచ్చింది. జెట్టీకి దారి పొలిమేర మీదుగానే. కారు దుంగ దగ్గర ఆగి, హారన్ కొట్టింది.

సా వేళలో హారన్! నలభై మొహాలు ఒక్కసారే తిరిగాయి. అయిదు పాస్‌పోర్టులున్నవాడికి ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

“దిగండి,” అన్నాడు పాతూ.

ముందు డ్రైవరు, వెనక సీట్లో క్రెస్, పక్కన లియోనా. ఆమె ఒడిలో శాలువా. శాలువా కింద క్రెస్ కుడిచెయ్యి. ఆ చేతిలో ఏముందో సెఫోకి చెప్పక్కర్లేదు. తన మొహం క్రెస్‌కి తెలుసు. తల ఎత్తాడా, ఆమె అయిపోయినట్టే. తల ఇంకా వంచి, గడ్డం గుండెకి ఆనించాడు.

“మా ఆవిడకి ఒంట్లో బాగాలేదు,” అన్నాడు క్రెస్. “ఇక్కడే కూర్చుంటాం.”

పాతూ వాళ్ళిద్దరినీ చూశాడు. ఆమె మొహం నిజంగానే పాలిపోయి ఉంది. “సరే, కార్లోనే కూర్చోండి. పాపం.”

ఇక సెఫోకి మిగిలింది గొంతు ఒక్కటే. తల ఎత్తకుండా, సంతలో బేరం తెగనివాడిలా సణిగాడు.

“బావుంది వరస! నాకేమో చాప, రెండు చేతులూ జోడించాలి. దొరగారికేమో మెత్తటి సీటు, శాలువాలో చెయ్యి! మీ ఊళ్ళో దేవుడు కూడా కారు చూసి వంగుతాడు కాబోలు.”

కావలివాళ్ళలో గుసగుస బయల్దేరింది. పాతూ చెవులు ఎర్రబడ్డాయి. కారు తలుపు తెరిచాడు.

“దిగండి. ముగ్గురూ. చాప మీద కూర్చోండి. రెండు చేతులూ నాకు కనపడాలి. దేవుడి ముందు చెయ్యి దాచుకుంటారా?”

క్రెస్ లెక్క వేసుకున్నాడు. పిస్తోలులో గుళ్ళు ఆరు. చుట్టూ నలభై మంది. ముందు దుంగ. ఆమె పక్కనే కూర్చుని, కాసేపు దణ్ణం పెట్టినట్టు నటిస్తే దారి వదులుతారు. శాలువా కదిలింది. పిస్తోలు సీటు మీదే ఉండిపోయింది. రెండు చేతులూ బయటికొచ్చి ఒకదానికొకటి అతుక్కున్నాయి.

సరిగ్గా ఆరున్నర. ద్వీపం రాడార్‌ని గుడ్డిది చెయ్యాలనుకున్నవాడు మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పక్కన లియోనా ముసలమ్మ పాటతో గొంతు కలిపింది.

చివరి శంఖం మోగేసరికి సెఫో అప్పటికే కారు పక్కకి జరిగి ఉన్నాడు. సీటు మీదున్నది అందుకున్నాడు.

“చేతులు అలాగే ఉంచండి క్రెస్ గారూ. ముచ్చటగా ఉన్నారు.”

రీఫ్ అవతల ఆయుధాల పడవని రాడార్ పట్టేసిందని చీఫ్ అదే నిమిషంలో చెప్పింది. పాతూ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. “అయితే... నువ్వు చెప్పింది నిజమేనా?”

“ఛ, లేదన్నా. రొట్టెలవాణ్ణే.”

“మరి రొట్టెలేవి?”

లియోనా వచ్చి సెఫో ఏప్రన్ పట్టుకుంది. “ఎంతసేపట్నుంచి ఉన్నావ్ ఇక్కడ?”

“పదమూడు నిమిషాల నుంచి.”

“పదమూడు నిమిషాలా! కూర్చుని ఉన్నావా?” అని అతని ఛాతీ మీద రెండు పిడికిళ్ళతో కొట్టి, అక్కడే మొహం పెట్టి ఏడ్చింది. ఆమె జుట్టులోకి పిండి రాలుతోంది. సెఫోకి కూడా ఏడుపు ఆగలేదు.

మర్నాడు బ్యూరోలో ఫైలు మూసేముందు, “ఏజెంట్ తీసుకున్న చర్య” అన్న గడిలో చీఫ్ స్వయంగా రాసింది:

“కూర్చున్నాడు. ఒకసారి సణిగాడు.”