పాయ చివర దాహం

కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ చివరి గుడిసె దగ్గర రాత్రిపూట కప్పుతో నీళ్ళు బయట పెట్టి పడుకోకూడదని మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు.

పెడితే, తెల్లారేసరికి నీళ్ళుండవు.

"నక్క తాగుంటుందిలే" అంటారు మగాళ్ళు. అంటారే గానీ, సీలు జంతువుల వేటకి అటు వెళ్ళినవాళ్ళెవరూ ఆ గుడిసెలో పడుకోరు. వాన కురుస్తున్నా సరే, పడవలోనే ముడుచుకుంటారు. ఓసారి ముసలి ఎఫ్రాయిమ్ పందెం కట్టి పడుకున్నాడు. రాత్రంతా ఒడ్డున గులకరాళ్ళ మీద ఎవరో తిరుగుతున్న చప్పుడు… ఆగుతుంది, మళ్ళీ నడుస్తుంది. పొద్దున చూస్తే ఒట్టి కప్పు. అంచు నాలిక్కి తగిలితే ఉప్పగా ఉందట.

నక్క నోరు ఉప్పగా ఉంటుందా?

ఈ కథ మా మావయ్య బోయాస్ చెప్పగా విన్నది. చివరి ముక్క మాత్రం నా కళ్ళతో చూశాను. చూడకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మా తూర్పు గ్రీన్‌లాండ్ కొండల్లో నడవడానికి వేసవిలో దూరదేశాల వాళ్ళు వస్తారు. వాళ్ళకి దారి చూపించేది మావయ్యే. ఎక్కడ మంచు కింద గొయ్యి ఉందో, ఏ వాగు ఏ పూట దాటాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

ఆయనకి ఒక్కతే కూతురు. పంతొమ్మిదేళ్ళది. పడవ ముందు కొసన నిలబడి జుట్టు గాలికి వదిలేసిందంటే, ఈ సముద్రం దాన్ని చూసుకోడానికే పుట్టిందేమో అనిపించేది నాకు. ఇది జరగడానికి మూడేళ్ళ ముందు ఆ గుడిసెకి ఎదురుగా పడవ బోల్తాపడింది. పడవ దొరికింది. టోపీ దొరికింది. మనిషి దొరకలేదు.

దాని పేరు పార్నాక్. ఇప్పుడు చెప్పొచ్చు గనక చెప్తున్నాను. మూడేళ్ళపాటు ఆ పేరు మా ఊళ్ళో ఎవరి నోటా రాలేదు. పోయినవాళ్ళ పేరు మేం పలకం. ఎవరికైనా బిడ్డ పుట్టాలి, ఆడైనా మగైనా సరే, ఆ బిడ్డ పెదవులకి మంచినీళ్ళు తడిపి ఆ పేరు చెప్పాలి. చెప్పామా, పోయినవాళ్ళు తిరిగొచ్చినట్టే. అప్పటిదాకా వాళ్ళకి ఇల్లు లేదు.

ఆ పేరు ఎవరికీ పెట్టనివ్వంది మావయ్యే.

"పోయిందని ఎవరు చూశారు?" అనేవాడు. "అది చేపపిల్ల. ఈది ఒడ్డుకొచ్చి ఉంటుంది. మతి చెదిరి కొండల్లో తిరుగుతుంటుంది. బతికున్న పిల్ల పేరు తీసుకెళ్ళి ఇంకొకళ్ళకి పెడతారా?"

అందుకే ఏ దేశం వాళ్ళొచ్చినా, ఎంత చుట్టయినా, ఆ గుడిసె మీదుగానే నడిపించేవాడు. వాళ్ళు కొండల అందం చూసేవాళ్ళు. ఆయన కొండల్లో మనిషిని వెతికేవాడు.

ఆ జూలైలో మా అక్క డోర్తెకి నెలలు నిండాయి. మావయ్య బయల్దేరే రోజు అక్క పొట్ట పట్టుకుని పడవ దగ్గరికి వచ్చింది.

"మావయ్యా, నువ్వొచ్చేసరికి నేను కనేస్తాను. ఈసారైనా ఆ పేరు ఇవ్వవా?"

"మీ తాత పేరు ఖాళీగానే ఉందిగా. పెట్టుకో."

"తాత గురక నీకు తెలీదా? నా బిడ్డ అలా గురకపెడితే ఊరు ఖాళీ అవుతుంది."

"గురకపెట్టినా బతికున్నట్టేలేవే."

"నీ కూతురు…" అక్క గొంతు తగ్గించింది. "దాహంతో ఉంటుంది మావయ్యా. చంపిన సీలుకే ముందు నోట్లో గుక్కెడు మంచినీళ్ళు పోస్తావే. ఉప్పునీళ్ళలో ఉండీ ఉండీ గొంతెండి ఉంటుందని నువ్వే కదా మాకు నేర్పింది?"

మావయ్య వంగి పడవ తాడు విప్పేశాడు.

ఆసారి వచ్చినవాళ్ళు ఐదుగురు. అందులో మారెన్ అని డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక పిల్ల. ఇరవయ్యేళ్ళుంటాయి. ఎర్ర కోటు. దారిపొడుగునా దీన్నేమంటారు, దాన్నేమంటారు అని మావయ్యని తినేసిందట. మంచు, రాయి, నీళ్ళు… మా మాటలు పలికి, తప్పు పలికి, తనే పడీ పడీ నవ్వేదట. మావయ్యకి వచ్చిన డేనిష్ మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆ పిల్ల అడిగితే విసుక్కోలేదు.

నాలుగో రోజుకి గుడిసె చేరారు. ముందు వాగు దాటడంతో అందరికీ మోకాళ్ళదాకా తడి. గుడిసె పక్కన డేరాలు వేసుకుని పడుకున్నారు. తెల్ల ఎలుగుబంటి వస్తుందేమోనని రాత్రంతా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఒంటిగంట నుంచి మూడింటిదాకా మావయ్య వంతు.

రాత్రి అన్నానని చీకటి అనుకోకండి. వేసవిలో మాకు చీకటి రాదు. సూర్యుడు కాసేపు కొండ చాటుకి పోతాడు, అంతే. బూడిదరంగు వెలుగు మిగుల్తుంది. ఆ వెలుగులో మనిషి కనిపిస్తాడు — మొహం కనిపించదు. దెయ్యానికి అంతకంటే ఇంకేం కావాలి?

మావయ్య గుడిసె గడప మీద కూర్చున్నాడు. ఒళ్ళో తుపాకి. పక్కన వాగునీళ్ళ బిందె, రేకు కప్పు. గాలి లేదు. పాయలో మంచుగడ్డ ఒకటి ఎక్కడో పగిలి, మళ్ళీ అంతా సద్దుమణిగింది.

అప్పుడు…

గులకరాళ్ళు కదిలాయి.

ఒడ్డు వైపు నుంచి. ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు.

మావయ్య తుపాకి ఎత్తాడు. వేలు మీటమీదికి వెళ్ళింది. ఎలుగైతే నాలుగు కాళ్ళ చప్పుడుండాలి… ఇది రెండు కాళ్ళది. తుపాకి దింపేశాడు. 

ఒక ఆడపిల్ల. తలమీద ముసుగు. కోటు ఏ రంగో ఆ వెలుగులో తెలీడం లేదు. జుట్టు తడిసి బుగ్గలకి అంటుకుంది. వచ్చి ఆయన ముందు నిలబడింది. పెదవులు కదిలాయి.

"నీళ్ళు…"

ఒక్క మాట. అదీ మా భాషలో.

మావయ్య నాతో అన్నాడు — "ఆ క్షణాన నేను ఏమీ ఆలోచించలేదే. సీలుకి పోసినట్టు పోశాను."

కప్పు ముంచి ఇచ్చాడు. రెండు చేతులతో పట్టుకుని తాగింది. వేళ్ళు తగిలాయి, చల్లగా. ఈ దేశంలో రాత్రిపూట చల్లగా లేని వేళ్ళు ఎవరివి గనక? మళ్ళీ ముంచాడు. మళ్ళీ తాగింది. ఊపిరి కూడా పీల్చకుండా తాగుతోంది. మూడో కప్పు చేతికిస్తుంటే, మూడేళ్ళు నోరు కట్టుకున్న మనిషి… నోరు జారాడు.

"మెల్లగా తాగవే, పార్నాక్… మెల్లగా."

అంతే. మాట బయటపడింది.

నీళ్ళిచ్చి పేరు పలికేశాడు. బతికుంది, బతికుంది అని తను పట్టుకున్న పేరు తన నోటితోనే వదిలేశాడు. మావయ్య రెండు చేతుల్లో మొహం దాచుకుని, తల మోకాళ్ళమీద పెట్టుకుని ఏడ్చాడు. ఎంతసేపో ఆయనకే తెలీదు.

తలెత్తేసరికి ఎదురుగా ఎవరూ లేరు. కప్పు రాయిమీద బోర్లించి ఉంది.

అటు డేరాల దగ్గర… ఎర్రకోటు చెయ్యి ఒకటి లోపల్నుంచి డేరా తలుపు మూసుకుంటోంది. మారెన్ డేరా.

మావయ్యకి అర్థమైపోయింది. దెయ్యం కాదు, ఏం కాదు. దాహమేసి లేచిన ఆ పిల్ల! తను నేర్పిన మాటతోనే నీళ్ళడిగింది. తనేమో సొంత మేనకోడలికి ఇవ్వని పేరుని, ముక్కూ మొహం తెలీని పరదేశపు పిల్ల పెదవులమీద పోసేశాడు.

తెల్లారాక ఆ పిల్లని ఏమీ అడగలేదు. ఏమని అడుగుతాడు? కానీ ఆ రోజు నుంచి దాని మూట తనే మోశాడు. సీలు కార్జంలో మంచి ముక్క దానికే పెట్టాడు. వాగు దాటేటప్పుడు చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఈ ముసలాయనకి నేనంటే ఇంత ఇష్టమేంటి?" అని మిగతావాళ్ళతో నవ్వుతూ అందట.

ఊరు చేరేసరికి డోర్తె కనేసింది. మగపిల్లాడు. మూడు రోజులుగా గుక్కపట్టి ఏడుస్తున్నాడు, పాలు పట్టడం లేదు. పేరు లేని బిడ్డ అలాగే ఏడుస్తుందని ముసలమ్మలు అంటున్నారు. తాత పేరు పెట్టి చూశారు. ఇంకా గట్టిగా ఏడ్చాడు.

మావయ్య మంచం పక్కన నిలబడి జరిగింది చెప్పాడు. అక్క కళ్ళల్లో నిప్పులు.

"మూడేళ్ళు నీ కాళ్ళావేళ్ళా పడ్డానే! రేపు హెలికాప్టరెక్కి ఎగిరిపోయే పిల్లకి పోశావా?"

"నేను ఇవ్వలేదే. జారిపోయింది."

"పేరు పంచుకోవచ్చు కదా మావయ్యా. వీడికి కూడా చెప్పు. ఒక్క చుక్క."

"ముందు ఆ పిల్లని పంపించి రానీ" అన్నాడు మావయ్య. "ఒకసారి పంపించడం చేతకాలేదు. ఈసారన్నా ఎదురుగా నిలబడి పంపిస్తాను."

మర్నాడు హెలికాప్టర్ దిగే చోటికి నన్ను తోడు తీసుకెళ్ళాడు. బడిలో నేర్చుకున్న డేనిష్ నాకు కొంచెం వచ్చు.

"చెప్పవే దానికి" అన్నాడు. "నా కూతురి పేరు ఇక దానిదని చెప్పు. నీళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండమని చెప్పు. పడవెక్కితే నిలబడొద్దని చెప్పు."

చెప్పాను. ఆ రాత్రి గుడిసె దగ్గర నీకు నీళ్ళిస్తూ మావయ్య ఆ పేరు పలికాడు, అందుకని… అని.

మారెన్ మొహం అయోమయంగా అయింది.

"నాకా? నాకు ఇవ్వలేదే."

"నీళ్ళు తాగడానికి లేచావు కదా?"

"లేచాను. డేరాలోంచి సగం బయటికొచ్చాను కూడా. కానీ ఆయన అప్పటికే వేరే అమ్మాయికి పోస్తున్నారు. మీ ఊరమ్మాయే అనుకున్నాను. పాపం, అంత దాహంగా తాగడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె వెళ్ళాక ఆయన ఒక్కరే కూర్చుని ఉంటే, మధ్యలో నేనెందుకని డేరా మూసుకుని పడుకున్నాను."

హెలికాప్టర్ రెక్కలు తిరగడం మొదలైంది. 

"ఏమంటోందే?" అన్నాడు మావయ్య.

చెప్పాను.

ఆయన నా దగ్గరికి జరిగాడు. గాలికి వినపడీ వినపడనట్టు — "ఎటు వెళ్ళిందో అడుగు."

అడిగాను. మారెన్ జ్ఞాపకం చేసుకుంటూ చెప్పింది. "ఒడ్డు వైపు. వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆయన తల వంచుకుని ఉన్నారు."

 మావయ్య నా భుజం పట్టి కుదిపితే, చెప్పాను.

ఆయన హెలికాప్టర్ లేచేదాకా కూడా ఆగలేదు. ముసలాయన పరిగెత్తడం మొదటిసారి చూశాను. డోర్తె ఇంట్లోకి వెళ్ళి, బిందెలో వేలు ముంచి, ఏడుస్తున్న బిడ్డ పెదవులమీద పెట్టాడు. వంగి ఆ పేరు చెవిలో చెప్పాడు.

ఏడుపు ఆగింది. బిడ్డ ఆ వేలిని నోట్లోకి లాక్కుని చప్పరించాడు.

మావయ్య ఇంకో చుక్క పెట్టాడు. ఇంకో చుక్క. "ఇంక చాల్లే మావయ్యా" అంది అక్క. ఆయన వినలేదు.

"మూడేళ్ళు" అన్నాడు ఆ మగబిడ్డతో. "మూడేళ్ళు గొంతెండబెట్టానా తల్లీ, నిన్ను…"